ప్రైవేటు అపరాధ పరిశోధక వృత్తి: అర్హత, అనుమతి, చట్టపరిమితులు

వ్యాససంగ్రహం:

ప్రైవేటు డిటెక్టివ్‌గా పనిచేయడానికి ఏ అర్హతలు కావాలి, ఎవరి అనుమతి తీసుకోవాలి అన్న ప్రశ్నకు భారతదేశంలో సూటి సమాధానం లేదు. ఈ వృత్తికి ప్రత్యేకించిన లైసెన్సు చట్టం దేశంలో లేకపోవడమే అందుకు కారణం. లైసెన్సు లేనంత మాత్రాన వృత్తి చట్టానికి అతీతం కాదు. డిటెక్టివ్ చేసే ప్రతి పనినీ ఏదో ఒక సాధారణ చట్టం నియంత్రిస్తూనే ఉంది. ఈ రెండు అంశాలనూ విడదీసి చూపడం, లైసెన్సు లేమి వల్ల నష్టపోతున్నది ఎవరో గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అపరాధ పరిశోధన, ప్రైవేటు డిటెక్టివ్, లైసెన్సు, దర్యాప్తు, గోప్యత హక్కు, తెలుగు డిటెక్టివ్ సాహిత్యం.

1. ఉపోద్ఘాతం

తెలుగులో 'పరిశోధకుడు' అన్న మాట రెండు అర్థాల్లో వాడుకలో ఉంది. విశ్వవిద్యాలయంలో సిద్ధాంతగ్రంథం సమర్పించే వ్యక్తి పరిశోధకుడు. నేరం గుట్టు విప్పే వ్యక్తి అపరాధ పరిశోధకుడు. మొదటి వ్యక్తి అర్హతలను యూజీసీ నిబంధనలు స్పష్టంగా నిర్దేశించాయి. నిర్ణీత విద్యార్హత, ప్రవేశపరీక్ష, కోర్సువర్కు, పర్యవేక్షకుడు, సిద్ధాంతగ్రంథ పరీక్షకులు అనే అంచెలన్నీ దాటితే గాని పట్టా చేతికి రాదు. రెండో వ్యక్తికి ఇటువంటి అంచె ఒక్కటీ లేదు. గ్రంథాలను, తాళపత్రాలను పరిశీలించే వ్యక్తికి ఇన్ని పరీక్షలు పెట్టిన వ్యవస్థ, సజీవులైన మనుషుల ఆంతరంగిక జీవితాన్ని పరిశీలించే వ్యక్తికి ఏ పరీక్షా పెట్టలేదు. ఈ వైరుధ్యం పరిశీలించదగినది.

2. సాహిత్యం నిర్మించిన ప్రతిష్ఠ

తెలుగు పాఠకునికి డిటెక్టివ్ మొదట పుస్తకంలోనే పరిచయమయ్యాడు. అనువాదాలతో బలపడిన ఈ ప్రక్రియకు కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, ఆయన సహాయకుడు రాజు విశేషమైన జనాదరణ తెచ్చారు. ఈ నవలాలోకంలో డిటెక్టివ్ గౌరవనీయుడు; పోలీసు అధికారులే ఆయన సహాయం కోరుతారు. ఆయన అధికారం ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న పాఠకునికి తోచదు. తెలివితేటలే అక్కడ అర్హత, విజయమే అనుమతిపత్రం.

ఈ ప్రతిష్ఠను హాస్యంతో తలకిందులు చేసిన రచనలూ తెలుగులో ఉన్నాయి. మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల ఆధారంగా జంధ్యాల 1986లో తీసిన 'చంటబ్బాయ్' చిత్రం అటువంటిది. 2019లో వచ్చిన 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' చిత్రంలో నెల్లూరు యువకుడు నడిపే సంస్థ పేరు 'ఫాతిమా బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్'. పొడి అక్షరాల్లో అది 'ఎఫ్‌బీఐ' అవుతుంది. ప్రభుత్వ సంస్థను తలపించే పేరు పెట్టుకున్న ఆ యువకుడు మృతదేహం దగ్గర దొరికి, అనుమానితుడిగా పోలీసుల చేతికి చిక్కుతాడు. పేరు ఎంత ఘనమైనదైనా చట్టం దృష్టిలో అతడు సాధారణ పౌరుడే. నవ్వు పుట్టించే ఈ సన్నివేశం వెనుక ఉన్న వాస్తవాన్ని చట్టాలలో చూడవచ్చు.

3. పదాల మధ్య అంతరం: పరిశోధన, దర్యాప్తు

వాడుకలో పరిశోధన, దర్యాప్తు, విచారణ అనే మాటలు ఒకదానికి బదులు మరొకటి వినిపిస్తాయి. చట్టభాషలో అవి వేరు. నేర విచారణ స్మృతి నిర్వచనం ప్రకారం 'దర్యాప్తు' అంటే సాక్ష్య సేకరణ కోసం పోలీసు అధికారి గాని, మేజిస్ట్రేటు అధికారమిచ్చిన వ్యక్తి గాని చేసే చర్య. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కూడా ఈ భావననే కొనసాగించింది. కాబట్టి ప్రైవేటు డిటెక్టివ్ చేసేది చట్టార్థంలో దర్యాప్తు కాదు. సమాచార సేకరణ మాత్రమే. సోదా చేయడం, వ్యక్తులను పిలిపించి ప్రశ్నించడం, పత్రాలను స్వాధీనం చేసుకోవడం అతని పరిధిలో లేవు. తన ఎదుట బెయిలుకు వీలులేని కాగ్నిజబుల్ నేరం జరిగితే నిందితుణ్ణి పట్టుకొని పోలీసులకు అప్పగించే అధికారం ఏ పౌరునికైనా ఉన్నట్లే అతనికీ ఉంటుంది. అంతకు మించి ఏమీ లేదు.

4. లైసెన్సు చట్టం: ఉన్నది ఎవరికి?

రాజ్యాంగంలోని 19(1)(జి) అధికరణం ప్రతి పౌరునికీ తనకు నచ్చిన వృత్తి చేపట్టే స్వేచ్ఛనిచ్చింది. 19(6) అధికరణం ఆ స్వేచ్ఛపై సహేతుకమైన పరిమితులు పెట్టడానికీ, వృత్తిపరమైన అర్హతలు నిర్దేశించడానికీ రాజ్యానికి వీలు కల్పించింది. న్యాయవాద, వైద్య వృత్తులకు అర్హతలు ఏర్పడినది ఇటువంటి చట్టాల ద్వారానే. డిటెక్టివ్ వృత్తి విషయంలో రాజ్యం ఆ వీలును వినియోగించుకోలేదు.

ఈ సందర్భంలో తరచుగా పొరపాటున ప్రస్తావనకు వచ్చేది ప్రైవేటు భద్రతా సంస్థల (క్రమబద్ధీకరణ) చట్టం, 2005. ఇది వ్యక్తులకు, ఆస్తులకు కాపలా ఏర్పాటు చేసే సంస్థలకు వర్తిస్తుంది. డిటెక్టివ్ సంస్థల ప్రస్తావన దాని నిర్వచనంలో లేదు. ఈ చట్టం కింద లైసెన్సు ఐదేళ్లు చెల్లుతుంది. లైసెన్సు లేకుండా భద్రతా సంస్థ నడిపితే ఏడాది వరకు జైలు గాని, 25,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. గార్డుకు 100 గంటల తరగతి బోధన, 60 గంటల క్షేత్ర శిక్షణ ఉండాలని 2006 నాటి కేంద్ర నమూనా నియమాలు సూచించాయి. అపార్టుమెంటు గేటు దగ్గర నిలబడే వాచ్‌మన్‌కు చట్టం శిక్షణ కోరుతున్నది. అదే అపార్టుమెంటులో ఎవరు ఎప్పుడు వస్తున్నారో రహస్యంగా నమోదు చేసే డిటెక్టివ్‌ను అది ఏమీ అడగడం లేదు.

ఈ లోటును పూరించడానికి ప్రైవేటు డిటెక్టివ్ సంస్థల (క్రమబద్ధీకరణ) బిల్లును 2007లో రాజ్యసభలో ప్రవేశపెట్టారు. కేంద్ర, రాష్ట్ర స్థాయులలో నియంత్రణ మండళ్లు, సంస్థలకు తప్పనిసరి లైసెన్సు ఇందులో ప్రధానాంశాలు. బిల్లు స్థాయీసంఘం పరిశీలనకు వెళ్లింది గాని చట్టరూపం దాల్చలేదు.

5. నమోదు వేరు, లైసెన్సు వేరు

డిటెక్టివ్ సంస్థ ప్రారంభించేవారు ఏ పత్రాలూ లేకుండా పనిచేయవచ్చునని దీని అర్థం కాదు. సంస్థ స్వరూపాన్ని బట్టి కంపెనీల చట్టం కింద గాని, భాగస్వామ్య చట్టం కింద గాని నమోదు, దుకాణాలు, సంస్థల చట్టం కింద స్థానిక నమోదు, వార్షిక ఆదాయం 20 లక్షల రూపాయలు దాటితే జీఎస్టీ నమోదు అవసరమవుతాయి. ఇవి ఏ వ్యాపారానికైనా ఉండేవే. బట్టల దుకాణానికీ డిటెక్టివ్ కార్యాలయానికీ ఈ విషయంలో తేడా లేదు.

నమోదు ఒక సంస్థ ఉనికిని మాత్రమే ధ్రువీకరిస్తుంది. లైసెన్సు ఆ పని చేసే వ్యక్తి అర్హతను ధ్రువీకరిస్తుంది. తప్పు చేస్తే రద్దవుతుంది. 'ప్రభుత్వ నమోదు పొందిన డిటెక్టివ్ సంస్థ' అన్న ప్రకటన అక్షరాలా నిజమే కావచ్చు. దానిని 'ప్రభుత్వం అనుమతించిన డిటెక్టివ్' అని చదువుకుంటే పొరపాటు. ప్రైవేటు శిక్షణ సంస్థలు ఇచ్చే డిప్లొమాలు కూడా నైపుణ్యానికి తోడ్పడవచ్చు గాని చట్టపరమైన అధికారాన్ని ఇవ్వవు.

6. లైసెన్సు ఉన్నచోట: ఒక పోలిక

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ప్రైవేటు పరిశోధకుని లైసెన్సుకు నిర్దిష్టమైన అర్హతలున్నాయి. దరఖాస్తుదారు 18 ఏళ్లు నిండినవారై ఉండాలి. వేతనం పొందుతూ పరిశోధన పనిలో 3 సంవత్సరాల అనుభవం, అంటే 6,000 గంటలు, గడించి ఉండాలి. న్యాయశాస్త్రంలో గాని పోలీసు శాస్త్రంలో గాని పట్టా ఉంటే 4,000 గంటలు చాలు. వేలిముద్రల ద్వారా నేరచరిత్రను పరిశీలిస్తారు. ఆపైన చట్టపరిజ్ఞానాన్ని ప్రధానంగా పరీక్షించే రాతపరీక్ష ఉంటుంది. లైసెన్సు ఇచ్చే శాఖకే ఫిర్యాదులు స్వీకరించి చర్య తీసుకునే అధికారం ఉంది.

బ్రిటన్ అనుభవం ఇందుకు భిన్నం. అక్కడ 2001 నాటి ప్రైవేటు భద్రతా పరిశ్రమ చట్టంలో పరిశోధకుల లైసెన్సుకు చోటు కల్పించినా ఆ భాగం అమలులోకి రాలేదు. షెర్లాక్ హోమ్స్‌కు పుట్టినిల్లయిన దేశంలోనూ డిటెక్టివ్‌కు లైసెన్సు లేదు. కాబట్టి ఈ లోటు భారతదేశానికే పరిమితమైనది కాదు; చట్టంలో రాసినంత మాత్రాన తీరేదీ కాదు.

7. లైసెన్సు లేకున్నా వర్తించే చట్టాలు

డిటెక్టివ్ పని ఎక్కువ భాగం పెళ్లి సంబంధాల వాకబు, దంపతుల అనుమానాలు, ఉద్యోగుల పూర్వచరిత్ర, బీమా క్లెయిముల పరిశీలన చుట్టూ తిరుగుతుంది. పెళ్లికి ముందు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడాలన్న సంప్రదాయంలో బంధువులు, ఇరుగుపొరుగు చేసిన పనే నేడు రుసుముతో జరుగుతున్నది. బహిరంగ స్థలంలో కనిపించినదాన్ని గమనించడం, ఇష్టపడి చెప్పినవారి నుంచి వివరాలు సేకరించడం, ప్రభుత్వ రికార్డులలో అందరికీ అందుబాటులో ఉన్నవాటిని చూడడం సాధారణంగా నేరం కాదు. ఆ హద్దు దాటితే పరిస్థితి మారుతుంది.

ప్రభుత్వోద్యోగినని చెప్పి వివరాలు రాబట్టడం నేరం. ఇతరుల ఫోను సంభాషణలను అడ్డగించి వినడం, కాల్ రికార్డులను అక్రమంగా సంపాదించడం, ఇతరుల కంప్యూటరులోకి చొరబడడం శిక్షార్హాలు. స్త్రీ ఇంటర్నెట్, ఈమెయిల్ వినియోగంపై పురుషుడు నిఘా పెట్టడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షను కింద వెంటాడే నేరమవుతుంది. నేర నివారణకు రాజ్యం బాధ్యత అప్పగించిన వ్యక్తికి ఆ సెక్షను మినహాయింపునిచ్చింది. ప్రైవేటు డిటెక్టివ్‌కు రాజ్యం ఏ బాధ్యతా అప్పగించలేదు గనుక ఆ మినహాయింపు అతనికి అందదు.

వీటన్నిటికీ పైన గోప్యత హక్కు ఉంది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. అంతకు ముందే, భార్య సంభాషణలను ఆమెకు తెలియకుండా భర్త రికార్డు చేయడం చట్టవిరుద్ధమని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పేర్కొంది. 2025 జూలైలో సుప్రీంకోర్టు, దంపతుల మధ్య వ్యాజ్యంలో ఒకరు రహస్యంగా రికార్డు చేసిన తమ సంభాషణను సాక్ష్యంగా స్వీకరించవచ్చని తీర్పునిచ్చింది. ఈ తీర్పు దంపతులకు సంబంధించినది. మూడో వ్యక్తి అయిన డిటెక్టివ్‌కు ఇతరుల మాటలు పొంచి వినే హక్కును అది ఇవ్వలేదు. పైగా ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో దాఖలు చేయాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షను ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. డిటెక్టివ్ నివేదిక దానంతట అది సాక్ష్యం కాదు. అవసరమైతే అతడు బోనెక్కి క్రాస్ ఎగ్జామినేషన్‌కు నిలబడాలి.

8. నష్టపోయేది ఎవరు?

డిటెక్టివ్ వ్యవహారంలో ముగ్గురుంటారు: పని అప్పగించే వ్యక్తి, పని చేసే డిటెక్టివ్, గమనింపబడే వ్యక్తి. మొదటి ఇద్దరి మధ్య ఒప్పందం ఉంటుంది. సేవ సరిగా లేకపోతే వినియోగదారుల కమిషనును ఆశ్రయించే మార్గం ఉంది. మూడో వ్యక్తికి మాత్రం తనపై నిఘా ఉందన్న సంగతే తెలియదు. ఒక యువతి గురించి పొరుగువారి అసూయ మాటలను విచక్షణ లేకుండా నివేదికలో చేర్చితే సంబంధం తప్పిపోవచ్చు. కారణం ఆమెకు ఎన్నటికీ తెలియకపోవచ్చు. నేరం జరిగిందని తెలిసినప్పుడే సాధారణ చట్టం పనిచేస్తుంది. తెలియకుండా జరిగే పొరపాటును ముందుగా అడ్డుకోగలిగినది అర్హత పరీక్ష, నివేదికల భద్రతా నియమాలు, ఫిర్యాదు వేదిక కలిగిన లైసెన్సు వ్యవస్థ మాత్రమే. లైసెన్సు అవసరం డిటెక్టివ్ గౌరవం కోసం కన్నా ఈ మూడో వ్యక్తి రక్షణ కోసమే ఎక్కువ.

9. ముగింపు

భారతదేశంలో ప్రైవేటు డిటెక్టివ్ కావడానికి ప్రత్యేక లైసెన్సు అవసరం లేదు, ఇచ్చే అధికార సంస్థా లేదు. ఈ వృత్తిలోకి రాదలచినవారికి నిజమైన అర్హత చట్టపు హద్దులు తెలిసి ఉండడం. పని అప్పగించేవారు అడగవలసిన ప్రశ్న 'లైసెన్సు ఉందా?' అన్నది కాదు, 'ఈ సమాచారం ఏ పద్ధతిలో సేకరిస్తారు?' అన్నది. విద్యారంగంలోని పరిశోధకుడు తన ఆధారాన్ని, అది లభించిన మార్గాన్ని వెల్లడించాలి. అపరాధ పరిశోధకునికీ అదే నియమం వర్తించిననాడు 'పరిశోధన' అన్న మాట రెండు చోట్లా ఒకే బరువుతో నిలుస్తుంది.