అడుగున మిగిలిన సంజీవని

చేయి తెగినప్పుడు రక్తము కారి, కొంతసేపటికి గడ్డకట్టి ఆగుట మనకు నిత్యానుభవమే. ఆ గుణము పుట్టుకతోనే కొరవడిన బాలునికి పన్ను ఊడుట సైతము గండమే. కీళ్లలో రక్తము నిండి నడకయే నిలిచిపోవచ్చును. ఈ వ్యాధి పేరు హీమోఫీలియా.

ఈ రోగులలో ఎక్కువమందికి లోపించునది ‘ఎనిమిదవ కారకము’ అను మాంసకృత్తు. పూర్వము దానికొరకు ప్లాస్మాను సీసాలకొలది ఎక్కించెడివారు. అంత ద్రవమును దేహము భరింపలేదు. అందలి కారకమా, చాలెడిది కాదు.

1953లో హీమోఫీలియా పరిశోధనకై లభించిన ధనసహాయముతో జూడిత్ గ్రాహం పూల్ అను విదుషీమణి అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున పని ఆరంభించినది. ఫలము 1964లో గాని చేతికందలేదు. మంచువలె బిగిసిన ప్లాస్మాను చల్లనిచోటనే మెల్లగా కరగనిచ్చినచో అడుగున కొంత మడ్డి మిగులును. ఆ మడ్డిలోనే ఎనిమిదవ కారకము దండిగా ఉన్నదని ఆమె కనుగొన్నది! దానిని తీయుటకు పెద్ద కర్మాగారము అక్కరలేదు, రక్తనిధియే చాలును.

పదునొకండేండ్లు! నడుమ ఏ యేటనో “ఇంతవరకు ఏమి సాధించితివి?” అని ధనము ఆపివేసి యున్నచో, ఎందరు బాలురు మంచము దిగకపోయెడివారో!

ఆమె 1975లో మరణించినది. రక్తస్రావ వ్యాధులపై కృషిచేయు యువశాస్త్రజ్ఞులకు అక్కడి జాతీయ సంస్థ ఒకటి ఇచ్చు పరిశోధక వేతనములకు ఆమె పేరే పెట్టినారు. ఇంతకన్న తగిన స్మారకమేమున్నది?

విద్యార్థులారా! నాటిన యేడే పండ్లు కోరువాడు తాటితోపు పెంచలేడు. పరిశోధనకు ధనముతోపాటు ఓర్పును గూడ ఇవ్వవలెను.