చేతిలో పదహారు, ఎదురుగా రాణి: బ్లాక్‌జాక్ లెక్క ఏంటంటే...

మావాడి చేతిలో తొమ్మిది, ఏడు. మొత్తం పదహారు. డీలర్ ముందు తెరిచి ఉన్నది కళావరు రాణి. అంటే పది.

గోవాలో మాండోవి నది మీద ఓ క్యాసినో పడవ. టైమ్ రాత్రి పన్నెండు దాటింది. మా కాలేజీ గ్యాంగ్‌లో మొదట పెళ్లి కుదిరింది వీడికే, ఆ పేరు చెప్పి వెళ్లిన ట్రిప్ అది. పందెం రెండు వేలు. 'ఏం చేయమంటావురా?' అన్నట్టు నా వైపు చూశాడు. పక్క సీట్లో పెద్దాయన ఒకరు ఉన్నారు, మనవాళ్లే, భీమవరం అట. "వద్దు బాబూ, ఆగిపో" అన్నారు. నేను "తీసుకోరా" అన్నాను. వాడు బల్ల మీద వేలితో తట్టాడు. ఎనిమిది పడింది. ఇరవై నాలుగు. డీలర్ అమ్మాయి చిప్స్ లాగేసుకుంది.

అక్కడితో అయిపోతే బాగుండేది. తర్వాత ఆమె తన మూసి ఉన్న ముక్క తిప్పింది. ఐదు. పదిహేను కాబట్టి ఇంకోటి తీసింది. తొమ్మిది! ఆమెదీ ఇరవై నాలుగే. ఆగిపోయిన పెద్దాయనకి పందేనికి పందెం వచ్చింది. మావాడి రెండు వేలు మాత్రం తిరిగి రాలేదు.

హైదరాబాద్ వచ్చేదాకా బస్సులో ఒకటే పాట. "నువ్వు చెప్పబట్టే పోయాయిరా." నాకూ లోపల గుచ్చుకుంది. తర్వాతి ఆదివారం ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఆ ఆట మొత్తాన్ని పైథాన్‌లో రాశాను. నా సలహా తప్పా కాదా అన్నది తేల్చుకోవాలని. ఏం తేలిందో చెప్పాలంటే ముందు ఆట చెప్పాలి.

రమ్మీ ఆడే ఇంట్లో పెరిగినవాళ్లకి ఇది చాలా చిన్న ఆట. సీక్వెన్సులు లేవు, సెట్లు లేవు, జోకర్ లేదు. ఇస్పేటా, ఆఠీనా అని చూసే పని కూడా లేదు. రెండు నుంచి పది దాకా ముక్క మీద ఎంత ఉంటే అంతే విలువ. జాకీ, రాణి, రాజు మూడూ పదే. ఆసు మాత్రం ఒకటిగానైనా లెక్కపెట్టుకోవచ్చు, పదకొండుగానైనా. మీకు ఏది లాభమైతే అది.

టేబుల్ దగ్గర ఐదారుగురు కూర్చున్నా వాళ్లలో వాళ్లకి పోటీ లేదు. ఎవరి ఆట వాళ్లది, అందరి ప్రత్యర్థీ డీలరే. ముందు పందెం పెడతారు. అందరికీ రెండేసి ముక్కలు వస్తాయి. డీలర్ కూడా రెండు వేసుకుంటుంది, ఒకటి తెరిచి, ఒకటి మూసి. మొదటి రెండు ముక్కల్లోనే ఆసూ, పది విలువున్న ముక్కా పడితే అదే బ్లాక్‌జాక్. డీలర్‌కి కూడా అదే వస్తే తప్ప, వంద పెట్టినవాడికి పద్ధతి ప్రకారం నూటయాభై లాభం రావాలి. ('రావాలి' అనడానికి కారణం ఉంది, తర్వాత చెప్తాను.)

బ్లాక్‌జాక్ పడకపోతే మీ ఇష్టం. ఇంకో ముక్క కావాలంటే హిట్, బల్ల మీద తట్టాలి. చాలనుకుంటే స్టాండ్, అరచేయి అడ్డంగా ఊపాలి. నోటితో చెబితే కుదరదు, పైనున్న కెమెరాకి కనపడాలి కదా. పందెం రెట్టింపు చేసి ఒక్కటంటే ఒక్క ముక్క తీసుకుంటే డబుల్. రెండూ ఒకే విలువ ముక్కలైతే ఇంకో పందెం పెట్టి రెండు ఆటలుగా విడదీసుకోవచ్చు, అది స్ప్లిట్. మొత్తం 21 దాటిందా, బస్ట్. డబ్బు అక్కడికక్కడే పోతుంది.

చాలామంది 21కి దగ్గరగా వెళ్లడమే ఆట అనుకుంటారు. కాదు, డీలర్‌ని ఓడించడం ఆట. డీలర్ 21 దాటిపోతే పదమూడుతో కూర్చున్నవాడు కూడా గెలిచినట్టే.

ఇక డీలర్ సంగతి. కోడ్ రాస్తున్నప్పుడు నాకు నవ్వొచ్చింది ఇక్కడే. ఆటగాడి కోసం పేజీలకి పేజీలు రాయాల్సి వచ్చింది, డీలర్‌కి రెండు లైన్లు సరిపోయాయి. పదహారు దాకా తీస్తూనే ఉండు, పదిహేడు వస్తే ఆపు. అంతే! ఆ అమ్మాయి ఆలోచించడం లేదు, మనల్ని చదవడం లేదు, ఆమెకి ఛాయిస్సే లేదు. (ఆసుతో కలిసి పదిహేడైతే ఇంకోటి తీయాలనే రూల్ కొన్ని టేబుళ్ల మీద ఉంటుంది. అది మనకి కొంచెం నష్టం.)

మరి అంత మొద్దు ప్రోగ్రామ్ మన దగ్గర డబ్బు ఎలా లాగుతుంది? మా బస్సు గొడవకి జవాబు ఇందులోనే ఉంది. మనం ముందు ఆడతాం, డీలర్ తర్వాత ఆడుతుంది. మనం 21 దాటితే డబ్బు అప్పుడే పోతుంది. తర్వాత డీలర్ కూడా దాటినా మనకి తిరిగి రాదు. డీలర్ దాదాపు 28 శాతం సార్లు బస్ట్ అవుతుంది. మనం కూడా అచ్చం డీలర్‌లాగే పదిహేడు దాకా తీస్తూ ఆడామనుకోండి, మనమూ అన్నిసార్లే అవుతాం. ఇద్దరూ ఒకేసారి పోయే సందర్భాలు 28 శాతంలో 28 శాతం, అంటే వందకి దాదాపు ఎనిమిది. ఆ ఎనిమిదీ క్యాసినోవే. బ్లాక్‌జాక్‌కి ఇచ్చే ఒకటిన్నర రెట్ల వల్ల అందులో రెండు పైచిలుకు మనకి వెనక్కి వస్తుంది. చివరికి వంద రూపాయలకి ఐదున్నర దాకా వాళ్లకి మిగులుతుంది.

మావాడిదీ డీలర్‌దీ ఇద్దరివీ ఇరవై నాలుగు రావడం దురదృష్టం అనుకున్నాం. కాదు, క్యాసినో కరెంటు బిల్లు కట్టుకునేదే దాని మీద.

ఆ ఐదున్నరని తగ్గించుకునే దారి ఉంది. మన చేతిని మాత్రమే కాదు, డీలర్ తెరిచిన ముక్కని కూడా చూసి ఆడటం. దీన్ని బేసిక్ స్ట్రాటజీ అంటారు. డీలర్ ముందు ఆరు ఉంటే ఆమె బస్ట్ అయ్యే అవకాశం దాదాపు 42 శాతం. నాలుగు, ఐదు కూడా బలహీనమైనవే. అప్పుడు మన దగ్గర పన్నెండే ఉన్నా ఆగిపోయి ఆమెనే తీయనివ్వాలి. రెండో మూడో ఉంటే పదమూడు దగ్గర ఆగొచ్చు. ఏడు గానీ అంతకంటే పెద్దది గానీ కనపడితే పదిహేడు వచ్చేదాకా తీయాల్సిందే, భయపడినా సరే. రెండు ఆసులు, రెండు ఎనిమిదులు ఎప్పుడూ విడదీయాలి. రెండు పదులు ఎప్పుడూ విడదీయకూడదు, చేతిలో ఇరవై పెట్టుకుని దాన్ని చెడగొట్టుకోవడం ఎందుకు? పూర్తి పట్టిక ఒక్క పేజీ ఉంటుంది. దాని ప్రకారం తప్పు లేకుండా ఆడితే, రూల్స్ బాగున్న టేబుల్ మీద క్యాసినో వాటా అర శాతానికి దిగుతుంది. సున్నాకి మాత్రం కాదు.

ఇక మా పదహారు. డీలర్‌కి పది కనపడుతుంటే ఆగినా, తీసుకున్నా, వంద రూపాయలకి సగటున 54 పోతాయి. రెండింటికీ తేడా పైసల్లో ఉంటుంది, ఆ పైసలు కూడా 'తీసుకో' వైపే. సగం పందెం వదిలేసి లేచిపోయే సరెండర్ రూల్ ఉన్న చోట అదే మేలు. అంటే నేను చెప్పిందీ తప్పు కాదు, భీమవరం పెద్దాయన చెప్పిందీ పెద్ద తప్పు కాదు. రెండు వేలు పెట్టి ఆ రెండు ముక్కలు అందుకున్నప్పుడే అందులో వెయ్యికి పైగా పోయినట్టు లెక్క. ఇదంతా చార్ట్ వేసి మావాడికి వాట్సాప్‌లో పంపాను. "అయినా ఆగుంటే గెలిచేవాడినిగా" అని రిప్లై పెట్టాడు. అదీ నిజమే.

నాలుగు వందల ఏళ్ల ఆట

ఈ లెక్కలు తేలకముందు కూడా జనం ఈ ఆట ఆడుతూనే ఉన్నారు. 'డాన్ కిహోటే' రాసిన స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ 1613లో అచ్చయిన తన కథల సంపుటిలో ఇద్దరు కుర్రాళ్ల గురించి రాశాడు. సెవిల్ నగరానికి చేరిన చిల్లర మోసగాళ్లు వాళ్లు. అందులో ఒకడి దగ్గర జిడ్డోడుతున్న పేకముక్కల కట్ట ఒకటి ఉంటుంది. 'ఇరవై ఒకటి' ఆటలో తనకి కావలసినప్పుడు ఆసు వచ్చేలా చేయగలనని, అది ఒకటిగానూ పదకొండుగానూ పనికొస్తుందని గొప్పలు పోతాడు. ఈ ఆట గురించి మనకి దొరికే తొలి రాతల్లో ఇదొకటి. మోసంతోనే మొదలైంది చూశారా!

తర్వాత ఫ్రాన్స్‌లో కూడా 'ఇరవై ఒకటి' అనే అర్థం వచ్చే పేరుతోనే ఆడారు. అక్కడి నుంచి అమెరికా చేరింది. బ్లాక్‌జాక్ అన్న పేరు గురించి ఒక కథ బాగా తిరుగుతుంటుంది. ఇస్పేటు ఆసుతో పాటు నల్ల జాకీ వస్తే క్యాసినోలు పదింతలు ఇచ్చేవని, అందుకే ఆ పేరని. ఫ్రెంచ్ చరిత్రకారుడు థియరీ దెపాలిస్ దీన్ని ఒప్పుకోడు. 1896 తర్వాత కెనడాలోని క్లోండైక్ ప్రాంతానికి బంగారం కోసం ఎగబడినవాళ్లు పెట్టిన పేరు ఇదని ఆయన వాదన. ఒక రకం ఖనిజాన్ని గనివాళ్లు బ్లాక్‌జాక్ అని పిలిచేవాళ్లు.

నాకు ఇష్టమైన భాగం 1950లలో ఉంది. అమెరికా సైన్యానికి చెందిన అబర్డీన్ కేంద్రంలో బాల్డ్విన్, కాంటీ, మైసెల్, మెక్‌డెర్మాట్ అని నలుగురు కుర్రాళ్లు. లెక్కలు వచ్చినవాళ్లు. ఆఫీసు టేబుల్ కాలిక్యులేటర్ల మీద నెలల తరబడి మీటలు నొక్కి, ఏ చేతికి ఏం చేయాలో మొత్తం తేల్చారు. 1956లో అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ జర్నల్‌లో అచ్చు వేశారు. కంప్యూటర్ లేకుండా వాళ్లు వేసిన పట్టిక, తర్వాత కంప్యూటర్లు తేల్చినదానికి చాలా దగ్గరగా ఉంది. నేను ఆదివారం మధ్యాహ్నం చేసిన పని వాళ్లకి ఏడాదికి పైగా పట్టింది. అందులోనూ నా కోడ్‌లో మొదట ఆసు లెక్క తప్పుంది.

ఆ పేపర్ చదివి ఎడ్వర్డ్ థార్ప్ అనే గణిత అధ్యాపకుడు ఇంకో అడుగు వేశాడు. పాచికలకి జ్ఞాపకం ఉండదు, పేకముక్కల కట్టకి ఉంటుంది. ఒకసారి బయటికి వచ్చిన ముక్క మళ్లీ కలిపేదాకా తిరిగి రాదు. చిన్న ముక్కలు ఎక్కువ అయిపోతే మిగిలిన కట్టలో పదులు, ఆసులు ఎక్కువ ఉంటాయి. బ్లాక్‌జాక్‌లు ఎక్కువ పడతాయి, డీలర్ ఎక్కువ సార్లు బస్ట్ అవుతుంది. అప్పుడు పెద్ద పందెం, మిగతా వేళ చిన్న పందెం. ఎంఐటీలో ఉన్న ఐబీఎం 704 మెషిన్ కోసం ఫోర్‌ట్రాన్ నేర్చుకుని మరీ దీన్ని రుజువు చేశాడు. 1962లో 'బీట్ ద డీలర్' పుస్తకం వచ్చింది. జనం అది పట్టుకుని నెవాడా క్యాసినోలకి పరిగెత్తారు. 1964లో లాస్ వేగస్ క్యాసినోలు భయపడి రూల్స్ బిగించాయి. అసలు ఆడేవాళ్లే తగ్గిపోయేసరికి కొన్ని వారాల్లోనే పాత రూల్స్ మళ్లీ తెచ్చాయి. పుస్తకం కొన్నవాళ్లు వేలమంది, దాని ప్రకారం తప్పు లేకుండా ఆడగలిగేవాళ్లు కొద్దిమంది. క్యాసినోలకి ఆ సంగతి తర్వాత అర్థమైంది.

2008లో వచ్చిన '21' సినిమా చూసి కార్డ్ కౌంటింగ్ నేర్చుకుందామనుకునేవాళ్లకి ఒక మాట. పద్ధతి సులువే. రెండు నుంచి ఆరు దాకా ముక్క కనపడితే ఒకటి కలపాలి, పదులకీ ఆసుకీ ఒకటి తీసేయాలి, మిగతావి వదిలేయాలి. కానీ ఇప్పుడు ఆరు, ఎనిమిది కట్టలు కలిపి ఆడిస్తారు, సగంలోనే మళ్లీ కలిపేస్తారు. ఆగకుండా కలిపే మెషిన్లు కూడా వచ్చాయి. వాటి ముందు కౌంటింగ్ దండగ.

బోర్డు మీద చిన్న అక్షరాలు

ఇందాక 'రావాలి' అన్నాను కదా. ఈ మధ్య చాలా టేబుళ్ల మీద బ్లాక్‌జాక్‌కి 3:2 బదులు 6:5 అని రాసి ఉంటుంది. చూడటానికి 6:5 పెద్ద అంకెల్లా ఉంటుంది. వందకి నూటయాభై రావలసిన చోట నూట ఇరవై వస్తుంది. బ్లాక్‌జాక్ దాదాపు 21 ఆటలకి ఒకసారి పడుతుంది కాబట్టి, ఈ ఒక్క మార్పుతో క్యాసినో వాటా అర శాతం నుంచి రెండు శాతం దగ్గరికి వెళ్తుంది. గంటకి అరవై ఆటలు, ఆటకి వెయ్యి చొప్పున అనుకుందాం. మంచి టేబుల్ మీద పట్టిక ప్రకారం ఆడితే సగటున గంటకి మూడు వందలు పోతాయి. అదే ఆట 6:5 మీద అయితే పన్నెండు వందలకి దగ్గర. డీలర్‌ని కాపీ కొడుతూ ఆడితే, 3:2 టేబుల్ మీద కూడా మూడు వేల మూడు వందలు. మేం కూర్చున్నది ఏ టేబులో ఇప్పటికీ గుర్తు లేదు. బోర్డు చదవాలనే ఆలోచనే రాలేదు.

ఇంకోటి ఇన్సూరెన్స్. డీలర్‌కి ఆసు కనపడగానే అడుగుతారు. మూసి ఉన్నది పది అయితే సగం పందేనికి రెండింతలు ఇస్తామని. అది గిట్టుబాటు కావాలంటే మూడుసార్లకి ఒకసారి పది ఉండాలి. కట్టలో పది విలువున్నవి పదమూడింటికి నాలుగు, అంటే 31 శాతమే. పేరు చూసి మోసపోవద్దు, అది ఇంకో పందెం.

ఆడటం గురించి కూడా సూటిగా చెప్పేస్తాను. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలు సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటాన్ని నిషేధించాయి. 1968లో సికింద్రాబాద్‌లోని ఓ క్లబ్బు కేసులో రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట అని సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇప్పటికీ అందరూ ఎత్తుతుంటారు, కానీ ఈ చట్టాలు రమ్మీ యాప్‌లని కూడా వదల్లేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలని నిషేధిస్తూ చట్టం చేసింది. కాబట్టి టెలిగ్రామ్‌లోనో రీల్స్ మధ్యలోనో తెలుగులో మాట్లాడుతూ వచ్చే 'లైవ్ బ్లాక్‌జాక్' లింకులు నొక్కొద్దు. అక్కడ ముక్కలు ఎవరు కలుపుతున్నారో, గెలిచింది అకౌంట్‌లోకి వస్తుందో రాదో అడగడానికి ఎవరూ ఉండరు.

మేం ఇప్పుడు ఫ్లాట్‌లో ఆడుతున్నాం, జీడిపప్పు పందెం. డీలర్ నేను. మొన్న శనివారం, పెళ్లికి పది రోజుల ముందు, మావాడి చేతికి మళ్లీ తొమ్మిది, ఏడు వచ్చాయి. నా ముందు రాజు. వాడు నా వైపు చూశాడు. నేను నోరు తెరవలేదు. కాసేపు ఆలోచించి బల్ల మీద తట్టాడు. ఐదు పడింది. ఇరవై ఒకటి.

"ఇది ఆ రోజు రావాలి కదరా" అన్నాడు, జీడిపప్పులు తన వైపు లాక్కుంటూ.