వార్ధక్యంలో వ్యాధుల గొలుసు

"వయసు మీదపడింది, రోగాలన్నీ ఒక్కసారిగా చుట్టుముట్టాయి వైద్యులుగారూ!" నా వైద్యశాలకు వచ్చే అరవై దాటినవారిలో చాలామంది నోట వినవచ్చే మాట ఇది. మధుమేహం, రక్తపోటు, కీళ్లనొప్పులు, మలబద్ధకం, నిద్రలేమి అంటూ వరుసగా ఏకరువు పెడతారు. నిజానికి అవి ఒక్కసారిగా రాలేదు. ఒకదాని చేయి పట్టుకొని మరొకటి ఏళ్ల తరబడి నడిచి వచ్చినవే. ఈ సంగతి గ్రహించక, ఏ రోగానికి ఆ రోగంగా విడదీసి మందులు వాడితే ఎట్టి అనర్థం కలుగుతుందో నేను ఒక రోగి ద్వారా, నా పొరపాటు ద్వారా తెలుసుకున్నాను.

లవణభాస్కరం నేర్పిన పాఠం

కొన్నేళ్ల క్రితం ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయులు నా వద్దకు వచ్చారు. వయసు 68. అన్నం తిన్న గంటకే కడుపు ఉబ్బరమని, ఆకలి చచ్చిపోయిందని చెప్పారు. నాడి చూశాను, నాలుక చూశాను. మందాగ్ని అని నిర్ణయించి, లవణభాస్కర చూర్ణాన్ని రెండు పూటలా మజ్జిగలో కలుపుకొని పుచ్చుకోమన్నాను. ఉబ్బరం తగ్గింది. మూడు వారాల తరువాత వారి భార్య ఆయనను ఆటోలో తీసుకొచ్చారు. పాదాలు వాచాయి. వేలితో నొక్కితే గుంట పడుతున్నది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం.

"మాస్టారూ, ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని అప్పుడు అడిగాను. మొదటి రోజే అడగవలసిన ప్రశ్న అది. ఆ అమ్మగారు చేతిసంచిని బల్లమీద కుమ్మరించారు. చక్కెర వ్యాధికి బిళ్లలు, రక్తపోటుకు బిళ్లలు, మోకాళ్ల కోసం చీటీ లేకుండా మందుల షాపులో కొని రెండేళ్లుగా మింగుతున్న నొప్పి బిళ్లలు. వాటి పక్కనే నా చూర్ణం సీసా.

"అవి ఇంగ్లీషు మందులు కదా, మీకు చెప్పనక్కర్లేదనుకున్నారండీ" అన్నారామె.

లవణభాస్కరంలో సముద్ర లవణం ప్రధాన ద్రవ్యం. సైంధవ, బిడ, సౌవర్చల లవణాలు కూడా అందులో చేరతాయి. రక్తపోటు ఉన్న మనిషికి రోజూ రెండుసార్లు నేనే ఉప్పు తాగించాను! వెంటనే వారిని పట్టణంలోని ఎం.డి. వైద్యుని వద్దకు పంపాను. రక్తంలో క్రియాటినిన్ పెరిగిందని, మూత్రపిండాలు దెబ్బతిన్నాయని పరీక్షల్లో తేలింది. నా చూర్ణాన్ని, నొప్పి బిళ్లలను రెంటినీ ఆపించారు. వాపు తీసింది. మూత్రపిండాలు మాత్రం పూర్వస్థితికి రాలేదు.

గొలుసు అల్లుకున్న తీరు

ఆయన కోలుకున్నాక ఎదురుగా కూర్చోబెట్టుకొని, వెనుకటి కథ అంతా అడిగి రాసుకున్నాను. నలభై ఐదో ఏట సైకిలు పోయి స్కూటరు వచ్చింది. నడుము చుట్టుకొలత పెరిగింది. యాభై ప్రాంతంలో మధుమేహం, మరి నాలుగేళ్లకు రక్తపోటు బయటపడ్డాయి. పెరిగిన బరువు మోకాళ్లమీద పడింది. నొప్పివల్ల నడక మానేశారు. నడక మానడంతో చక్కెర మరింత పెరిగింది.

ఆపైన నొప్పి బిళ్లలు వచ్చాయి. ఈ జాతి బిళ్లలు ఒంట్లో ఉప్పును, నీటిని నిలిపి రక్తపోటును పెంచగలవు. రక్తపోటు మందుల పట్టును సడలించగలవు. మూత్రపిండాలకు రక్తప్రసారాన్ని తగ్గించగలవు. మధుమేహం, రక్తపోటు రెండూ అప్పటికే ఆ అవయవంలోని సన్నని రక్తనాళాలను అరగదీస్తున్నాయి. దెబ్బతిన్న మూత్రపిండం తిరిగి రక్తపోటును పెంచుతుంది. ఇక ఉబ్బరం మాటకొస్తే, చిరకాల మధుమేహంలో జీర్ణకోశపు నరాలు బలహీనపడి ఆహారం ఆలస్యంగా కదులుతుంది. కొన్ని చక్కెర బిళ్లలు, నొప్పి బిళ్లలు కూడా కడుపును ఇబ్బంది పెడతాయి. ఇంత పొడవైన గొలుసులో చివరి కొక్కేన్ని పట్టుకొని, అదే వ్యాధి అనుకొని నేను చికిత్స చేశాను.

శాస్త్రం ముందే హెచ్చరించింది

చరక సంహిత నిదానస్థానం 8వ అధ్యాయంలో ఒక వ్యాధి మరొక వ్యాధికి కారణం కావడాన్ని గురించి వివరంగా ఉన్నది. అట్టి వ్యాధిని నిదానార్థకరం అంటారు. కొన్ని రోగాలు మరొకదానిని పుట్టించి తాము శమిస్తాయి. కొన్ని తాము శమించక, పుట్టినదానితో కలిసి కాపురం చేస్తాయి. ఆ అధ్యాయంలోనే మరొక మాట ఉన్నది. ఒక వ్యాధిని చల్లార్చి వేరొక వ్యాధిని రేపే చికిత్స శుద్ధమైనది కాదు. గురుకులంలో పదహారేళ్ల వయసులో కంఠస్థం చేసిన విషయమిది. దాని అర్థం నాకు మాస్టారి పాదాల వాపు చూసినప్పుడు బోధపడింది.

సుశ్రుతుడు వ్యాధికి ఆరు దశలు చెప్పాడు: సంచయం, ప్రకోపం, ప్రసరం, స్థానసంశ్రయం, వ్యక్తి, భేదం. రోగం స్పష్టంగా కంటికి కనిపించేది ఐదవ దశలోనే. అరవైలో బయటపడిన వ్యాధికి నలభైలోనే విత్తనం పడి ఉంటుంది. పైగా వార్ధక్యంలో వాతం ప్రబలి, అగ్ని మందగించి, ధాతువులు క్షీణిస్తాయి. యౌవనంలో ఇట్టే జీర్ణమైన మందు ఈ వయసులో భారమవుతుంది.

గృహస్థులకు సూచనలు

ఇంట్లో పెద్దలు వాడే సమస్త ఔషధాలనూ ఒకే పట్టీగా రాయండి. చూర్ణాలు, లేహ్యాలు, కషాయాలు, నిద్ర బిళ్లలు అన్నీ అందులో ఉండాలి. ఏ వైద్యుని వద్దకు వెళ్లినా ముందు దానిని చూపండి.

ఉప్పు మొత్తం రోజుకు 5 గ్రాములు మించరాదు, అంటే సుమారు ఒక టీ చెంచా. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయల్లోని ఉప్పు కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

దగ్గుకు అతిమధురం మంచిదే. అయితే రక్తపోటు ఉన్నవారు దానిని విడవకుండా వాడితే పోటు పెరుగుతుంది.

చక్కెర బిళ్లలు వాడుతూ వైద్యునికి చెప్పకుండా కాకర రసం, మెంతిపొడి కూడా దండిగా పుచ్చుకుంటే చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తికమక దాని గుర్తులు. తెలివిలో ఉంటే వెంటనే పంచదార నీళ్లు తాగించండి. స్పృహ తప్పితే నోట ఏమీ పోయక ఆసుపత్రికి చేర్చండి.

మధుమేహం, రక్తపోటు ఉన్నవారు ఏటా క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించుకోవాలి.

మోకాళ్లకు గోరువెచ్చని నువ్వులనూనెతో మృదువుగా మర్దన చేయండి. కుర్చీలో కూర్చొని ఒక్కొక్క కాలిని చాచి, కొద్దిసేపు నిలిపి దించండి. ఇవి మరొక రోగాన్ని రేపవు. మధుమేహంతో పాదాలు మొద్దుబారినవారు మాత్రం వేడి కాపడం పెట్టరాదు. కాలినా తెలియదు.

ఈ వ్యాసం చదివి వాడుతున్న మందును సొంతంగా ఆపవద్దు. ఏది ఆపాలో, ఏది తగ్గించాలో పట్టీ మొత్తం చూసిన వైద్యుడే చెప్పాలి.

మాస్టారి భార్య నాటినుండి మందులన్నీ రూళ్ల పుస్తకంలో రాసి, వచ్చినప్పుడల్లా తెచ్చి నా బల్లమీద పెట్టేవారు. ఇప్పుడు ఏ వృద్ధులు వచ్చినా, నాడి పట్టుకోవడానికి ముందు మందుల సంచి అడిగి చూస్తున్నాను. మీ ఇంటి పెద్దలను ఈసారి వైద్యుని వద్దకు తీసుకువెళ్లేటప్పుడు, వారు అడగకపోయినా ఆ సంచి వెంట తీసుకువెళ్లండి.