ప్రాత రథము – క్రొత్త పందెము

తాటాకు గ్రంథములతో పరిచయమున్నవారికి ఒక సంగతి తెలియును. ఆకు శిథిలమైనప్పుడు లేఖకుడు క్రొత్త ఆకు తెచ్చి, ప్రాత పాఠమును దానిమీదికి ఎక్కించును. ఆకు మారినను కావ్యము మారలేదని మన నమ్మకము. కాని లేఖకుడు అంతటితో ఊరకుండడు. అర్థము పొసగలేదని తోచినచోట ఒక అక్షరము దిద్దును. నడక కుంటుపడినదని తోచినచోట ఒక పదము మార్చును. రెండు మూడు తరములు గడచునప్పటికి అది ఎవరి కావ్యమో చెప్పుట కష్టమగును. ఈ చిక్కు కావ్యములకు మాత్రమే కలదని నేను చిరకాలము తలచితిని. ఇనుముతో చేసిన వస్తువులకును కలదని నాకు తెలిపినది ఒక ప్రాత కారు.

నావద్ద డిగ్రీలో తెలుగు చదివిన శిష్యుడొకడు ఇంజనీరై, ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డు సమీపమున కాపురముండెను. కొన్నేండ్ల క్రిందట ఒక వేసవిలో నేను అతని యింట వారము దినములుంటిని. చేరిన మరునాటి ఉదయమున అతడు నన్ను ఇంటిప్రక్క షెడ్డులోనికి తీసికొనిపోయెను. చక్రములు లేక, నాలుగు ఇనుప పీటలమీద, పైకప్పులేని ఎఱ్ఱని చిన్న కారొకటి నిలిచియుండెను. తలుపుల క్రింది అంచులను కోసివేయుటచే లోని తుప్పు, చెదలు తిన్న దూలమువలె, కానవచ్చుచుండెను. అది 1967లో తయారైన ఎం.జి.బి. అను స్పోర్ట్సు కారు.

“పైన తళతళలాడే రంగు చూసి మోసపోయానండీ మాష్టారూ,” అనెను. “దీన్ని రోడ్డు మీదా నడపాలి, ఏడాదికి నాలుగుసార్లు ట్రాకు మీదా తిప్పాలి అని కొన్నాను. తీరా చూస్తే అడుగంతా పుచ్చిపోయింది. బాడీ మొత్తం మార్చెయ్యమంటున్నారు. ఇంజనుకు బలం పెంచమంటున్నారు. అన్నీ మార్చేశాక నా దగ్గర మిగిలేది ఏ కారండీ? పాఠాంతరాల సంగతి మాకు చెప్పింది మీరే కదా, ఇదీ మీరే చెప్పండి.”

నాకు స్కూటరు నడుపుట తప్ప వాహనవిద్య ఏమియు తెలియదు. కాని ప్రశ్న మాత్రము నాకు చిరపరిచితమైనదే. ఆ వారము దినములు అతని పుస్తకములు చదువుచు, అతని చేతికి పానాలు అందించుచు నేను నేర్చుకొన్నదానిని చదువరులకు విన్నవించుచున్నాను.

ఎం.జి. అనునవి మోరిస్ గారేజెస్ అను పేరులోని తొలి అక్షరములు. ఆక్స్‌ఫర్డు పట్టణమున కార్లు అమ్ముచు, బాగుచేయుచుండిన సంస్థ పేరది. దాని నిర్వాహకుడైన సిసిల్ కింబర్ 1920ల దశకమున సాధారణమైన మోరిస్ కార్ల చట్రములమీద అందమైన తేలిక బాడీలు కట్టించి అమ్మసాగెను. అనగా ఎం.జి. వంశమే మార్పునుండి పుట్టినది. 1929లో ఆ పని సమీపముననున్న ఆబింగ్డన్ అను చిన్న పట్టణమునకు తరలినది. ఎం.జి.బి. 1962లో వెలువడి, 1980లో ఆ కర్మాగారము మూతపడువరకు అచ్చట తయారగుచునే యుండెను. మొత్తము అయిదు లక్షలకు పైగా తయారయ్యెను. నేడు హైదరాబాదు వీధులలో కనబడు ఎం.జి. కార్లకును దీనికిని గల సంబంధము గుర్తు మాత్రమే. ఆ పేరిప్పుడు ఒక చైనా సంస్థ సొత్తు.

ఇది రాజుల రథము కాదు. మధ్యతరగతి యువకుడు కూడబెట్టి కొనదగిన బండి. దీని ఇంజను పరిమాణము 1798 సి.సి., బలము 95 గుఱ్ఱములు. బరువు దాదాపు 920 కిలోలు. ఆ ఇంజను మనకు పరాయిది కాదు. మన అంబాసిడరు కారులో 1959నుండి పెక్కేండ్లు నడచిన 1489 సి.సి. పెట్రోలు ఇంజనును, ఇదియు ఒక్క వంశమువే. అంబాసిడరు ఇంజనులను విప్పి బిగించిన మన మెకానిక్కు ఎవడైనను ఈ కారు బానెట్టు ఎత్తినచో చుట్టమును చూచినట్లు గుర్తుపట్టును. ఇట్టి సంసారపక్షపు ఇంజనుతోనే ఈ కారు 1963లో ఫ్రాన్సునందలి లమాన్ ఇరువదినాలుగు గంటల పందెమునకు వెళ్ళెను. ఆరంభముననే ఇసుకలో దిగబడినది. నడుపుచున్న ఆలన్ హచెసన్ గంటకు పైగా ఇసుక త్రవ్వి కారును వెలికి తీసెను. అయినను అది పందెము పూర్తిచేసి పండ్రెండవ స్థానమును, తన తరగతిలో ప్రథమ స్థానమును పొందెను. 1966లో జర్మనీయందలి నూర్‌బుర్గ్‌రింగ్ బాటపై ఎనుబదినాలుగు గంటలు సాగిన పరీక్షలో ఇట్టి కారే అన్నింటిని మించి గెలిచినది. దీని ఘనత వేగములో కంటె ఓర్పులో ఎక్కువగా కలదు.

ఇక ట్రాకు మాట. సిల్వర్‌స్టన్, గుడ్‌వుడ్ అను ప్రసిద్ధమైన ఇంగ్లీషు పందెపుబాటలు రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానాశ్రయములలో 1948లో వెలసినవి. మన మద్రాసు ప్రక్కనున్న షోలవరము కథయు అట్టిదే. యుద్ధకాలమున విమానములకై వేసిన బాటమీద అచ్చట కార్ల పందెములు జరిగెడివి. 1990లో ఇరుంగాట్టుకోట్టయి ట్రాకు ఏర్పడువరకు దక్షిణదేశపు పందెగాండ్రకు అదియే కురుక్షేత్రము. మద్రాసులోనే తయారైన స్టాండర్డు హెరాల్డు వంటి సంసారపు కార్లను విప్పి, తేలికచేసి అచ్చట పరుగెత్తించినవారు కలరు. నేడు ఇంగ్లండున పందెములతో పనిలేని సామాన్యులు కూడ రుసుము చెల్లించి తమ కార్లను ట్రాకుమీద నడుపుకొను దినములు ఏర్పాటైయున్నవి. వానిలో గెలుపోటములు లేవు. నా శిష్యుడు కోరినది అట్టి దినములనే.

చిక్కు ఎచ్చటననగా, రోడ్డు కోరునదానిని ట్రాకు కోరదు. బ్రేకులనే తీసికొందము. వేగము రెట్టింపైనచో అణచవలసిన శక్తి నాలుగింతలగును. ట్రాకుమీద మలుపు మలుపునకు పెడలు గట్టిగా త్రొక్కుటచే డిస్కులు కాగి, బ్రేకు ఆయిలు మరిగి, దానిలో బుడగలు పుట్టును. పెడలు మెత్తబడి నేలకు దిగిపోవును. అందుచే పందెగాండ్రు వేడికి తాళగల కఠినమైన ప్యాడ్లు వేయుదురు. ఆ ప్యాడ్లు వేడెక్కిననే గాని సరిగా పట్టవు. చలికాలపు ఉదయమున వీధి మొగలో ఒక బాలుడు బంతివెంట పరుగెత్తి అడ్డువచ్చినచో ఆ ప్యాడ్లు ఏమి చేయును? కారు పల్టీకొట్టినప్పుడు రక్షించుటకై లోపల ఉక్కు గొట్టములతో పంజరము కట్టుదురు. ట్రాకుమీద శిరస్త్రాణమున్నవానికి అది కవచము. రోడ్డుమీద ఉత్త తలతో కూర్చున్నవానికి చిన్న గుద్దులోనే ఆ గొట్టము మృత్యువు కావచ్చును.

ఇంజను సంగతియు అంతే. కామ్ షాఫ్టు మార్చి, వాల్వులు పెద్దవి చేసి, కార్బురేటర్లు మార్చినచో పైవేగమున బలము పెరుగును. కాని ఆ ఇంజను నెమ్మదిగా తిరుగుటకు ఇష్టపడదు. ఊరిలో దీపమువద్ద ఆగినప్పుడు వణకుచు, తగ్గుచు, ఆరిపోవును. కమాను కట్టలు, స్ప్రింగులు గట్టివి వేసినచో మలుపులలో కారు ఒరగదు. గతుకుల రోడ్డుమీద నడుము విరుగును. ఒకచోట గుణమైనది రెండవచోట దోషమగుచున్నది. కావుననే అనుభవజ్ఞులు ఒక క్రమము చెప్పుదురు. మొదట ఆరోగ్యము, అనగా తుప్పు లేని బాడీ, అరిగిపోని బుష్షులు, బేరింగులు. తరువాత బ్రేకులు, టైరులు. ఆ తరువాత మలుపులలో ఇంజను ఆయిలు ఒకప్రక్కకు పోకుండ సంపులో అడ్డుపలకలు. పిదప నడుపువానికి శిక్షణ. గుఱ్ఱముల సంఖ్య పెంచుట అన్నింటికంటె చివర. యువకులు చాలమంది ఈ క్రమమును తలక్రిందుచేసి, చివరిదానినుండి మొదలుపెట్టుదురు.

ఏమియు మార్చక యథాతథముగా ఉంచెదనను వ్రతమైన సాగునా? అదియు సాగదు. ఎం.జి.బి. పుట్టిన కాలమున పెట్రోలులో సీసము కలిపెడివారు. అది వాల్వుల పీఠములను అరుగుదలనుండి కాపాడెడిది. 1999 చివరకు బ్రిటనులో సీసపు పెట్రోలు సాధారణ విక్రయము నిలిచిపోయెను. నాటినుండి పలువురు సిలిండరు హెడ్డులో గట్టి ఉక్కు పీఠములు పొదిగించుకొనిరి. 2021లో పదవవంతువరకు ఇథనాలు కలిపిన పెట్రోలు అచ్చట సామాన్యమయ్యెను. అది ప్రాత రబ్బరు గొట్టములను తినివేయును. గొట్టములు మార్చవలసినదే. లోకము మారుచుండగా కారు బ్రతికియుండుటకే కొంత మారవలసివచ్చుచున్నది.

మార్పునకు హద్దు ఎచ్చట? పందెముల పెద్దలు ఒక హద్దు గీచిరి. ప్రాత కార్ల అంతర్జాతీయ పందెములలో పాల్గొను కారు తన కాలమున పందెమాడిన రూపముననే యుండవలెను. ఎం.జి.బి. ముందుభాగమున షాక్ అబ్జార్బరుకు ఒక చేయి కలదు. చక్రమును పైన పట్టియుంచునది ఆ చేయియే. అది కాలము చెల్లిన పద్ధతి. అయినను ఆ పందెములలో దానిని తీసివేసి నేటి గొట్టపు షాక్ అబ్జార్బరు పెట్టరాదు. ప్రక్షిప్తములను ఒప్పుకొనని పరిష్కర్త పట్టుదల ఇందులో నాకు కనబడినది.

బ్రిటిషు వాహన నమోదు శాఖ మరియొక లెక్క కట్టెను. 2025లో ఆ విధానమును సవరించిరి గాని, అంతకుముందు చాలకాలము అది అమలులోనుండెను. గట్టిగా మార్చిన కారు తన ప్రాత నంబరును నిలుపుకొనవలెనన్నచో కనీసము ఎనిమిది మార్కులు తెచ్చుకొనవలెను. బాడీకి లేక చట్రమునకు అయిదు, స్ప్రింగుల అమరికకు, ఇరుసులకు, గేరుబాక్సునకు, స్టీరింగునకు రెండేసి, ఇంజనునకు ఒక్కటి. పరీక్షాపత్రములు దిద్దు నావంటివానికి ఈ మార్కుల పట్టిక చాల వింతగా తోచెను. కారునకు గుండె అని మనమనుకొను ఇంజనునకు ఒకే మార్కు! దేహమునకు అయిదు!

మన దేశపు చట్టము ఇంతకంటె కఠినము. 1988నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని గట్టిపరచెను. 2021నాటి నియమముల ప్రకారము ఏబదియేండ్లు దాటి, అసలు రూపమున నిలిచిన కార్లకు “వి.ఎ.” అను అక్షరములతో ప్రత్యేకమైన నంబరు ఇచ్చుచున్నారు. కాని వానిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, పెట్రోలుకు తప్ప నిత్యము రోడ్డుమీద నడుపరాదు. ఒకచోట కారు నడచుచు మారుచున్నది. ఒకచోట మారక నిలిచియున్నది. రెండింటికిని వెల కలదు.

మరల నా శిష్యుని ప్రశ్నకు వత్తము. ఎం.జి.బి.కి పూర్తి క్రొత్త బాడీ 1988నుండి దొరకుచున్నది. ప్రాత అచ్చులనే వెదకి తెచ్చి, వానితోనే రేకులు నొక్కి తయారుచేయుచున్నారు. చట్టము అడ్డుచెప్పదు, అయిదు మార్కులును దానికి వచ్చెడివి. అచ్చు అదియే, ఆకు మాత్రము క్రొత్తది. అట్లయినచో దోషమేమి?

నాల్గవనాడు డాష్‌బోర్డు విప్పుచుండగా లోపలి రేకుమీద సుద్దతో వ్రాసిన ఒక అంకె కనబడెను. ఏ కార్మికుడో 1967లో తన గుర్తుకై వ్రాసికొన్నది. శిష్యుడు చాలసేపు దానివంక చూచెను. క్రొత్త బాడీలో ఆ అంకె ఉండదు. అప్పుడు నేను నాకు తెలిసిన ఒక్క నియమము చెప్పితిని. ఆకుమీద అక్షరము చదువవచ్చినంతవరకు దానిని ఉండనిమ్ము. ఆకు విరిగినచోట మాత్రమే పూరింపుము. పూరించినదానిని పూరించినట్లు గుర్తుపెట్టుము. త్రోసిపుచ్చిన పాఠమును పారవేయక అడుగున వ్రాసియుంచుము. పరిష్కర్త చేయు ద్రోహము మార్చుటలో కంటె, మార్చినది తెలియనీయకుండుటలో ఎక్కువ కలదు.

అతడు బాడీని మార్చలేదు. అడ్డుకడ్డీలు బిగించి, తలుపుల సందులు కొలుచుకొనుచు, పుచ్చినంతమేర కోసి క్రొత్తరేకు మాటువేయించెను. ఆ పనికి రెండేండ్లు పట్టినది. క్రొత్త బాడీ కొన్నచో ఖర్చు కూడ తగ్గెడిదట. ఇంజనును ఇంచుమించు ఉన్నట్లే ఉంచెను. బ్రేకులు, సంపు, టైరులు మాత్రము ట్రాకునకు తగినట్లు మార్చెను. విప్పిన ప్రతి భాగమును కాగితములో చుట్టి, తేదీ వ్రాసి, అరలో పెట్టెను. చేసిన మార్పులన్నింటిని ఒక నోటుపుస్తకమున ఎక్కించెను. కోరినవారు ఎవరైనను రేపు ఆ కారును ప్రాత రూపమునకు తేవచ్చును.

మొన్న వసంతకాలమున అతడు ఫోను చేసెను. ట్రాకుమీద అందరికంటె వెనుక పోయినాడట. నిన్నగాక మొన్న పుట్టిన కార్లు ఇరుప్రక్కలనుండి దాటిపోయినవట. “అయినా మాష్టారూ, చాలామంది తమ కార్లను లారీల మీద తెచ్చుకున్నారు. నేను మాత్రం ఇంటినుంచి దీంట్లోనే వెళ్ళాను. రోజంతా తిప్పి, సాయంత్రం దీంట్లోనే ఇంటికొచ్చాను,” అనెను. ఆనాటి పుటలో ఏమి వ్రాసికొంటివని అడిగితిని. “ముందు బ్రేకు ప్యాడ్లు సగం అరిగాయి, వచ్చే నెల మార్చాలి” అని మాత్రమే వ్రాసికొన్నాడట.