‘ఆన్ యావరేజ్’ అంటే సుమారుగా కాదు!

‘ఆన్ యావరేజ్’ అనే మాట మీ ఇంగ్లీషు వాచకంలోనూ, సామాన్యశాస్త్రంలోనూ తరచు కనబడుతుంది. చాలామంది విద్యార్థులు దీనికి ‘సుమారుగా’ అని అర్థం రాస్తారు. అది సరికాదు. ‘సుమారుగా’ అన్నది అంచనా; కొలవకుండానే చెప్పవచ్చు. ‘ఆన్ యావరేజ్’ అంటే ‘సగటున’. కొలిచిన విలువలన్నీ కూడి, అవి ఎన్ని ఉన్నాయో ఆ సంఖ్యతో భాగిస్తే వచ్చేదే సగటు. కొలత లేనిదే సగటు లేదు.

ఈ మాట పుట్టుక చిత్రమైనది. అరబ్బీలో ‘అవార్’ అంటే దెబ్బతిన్న సరుకు. మధ్యధరా సముద్రపు వర్తకుల ద్వారా అది ఇటలీ, ఫ్రాన్సు భాషలు దాటి ఇంగ్లీషుకు చేరిందంటారు. తుఫానులో ఓడ మునిగేలా ఉంటే, బరువు తగ్గించడానికి కొంత సరుకు సముద్రంలో పడవేసేవారు. ఆ నష్టం ఒక్క వర్తకుడే భరించడం న్యాయం కాదు గదా! అందుకని ఓడలో సరుకున్న వారందరూ తమ సరుకు విలువను బట్టి దాన్ని పంచుకునేవారు. ఈ ‘సమంగా పంచడం’ అనే భావం నుంచే లెక్కల్లోని సగటు వచ్చింది. ఓడల బీమాలో ‘జనరల్ యావరేజ్’ అనే మాట నేటికీ ఉంది.

అయితే కాగితం మీద పంచినట్టు వానను చేలో పంచగలమా? పొన్నూరుకు పడమర పెదనందిపాడు వైపు నల్లరేగడి చేలలో మిరప, పత్తి వేస్తారు. ఒక ఏడు నెలలో 30 రోజులూ రోజుకు 5 మిల్లీమీటర్ల వాన పడిందనుకోండి. మరో ఏడు 29 రోజులు చినుకు లేక, ఒక్కరోజే 150 మిల్లీమీటర్లు కురిసిందనుకోండి. రెండింటికీ సగటు ఒకటే: రోజుకు 5 మిల్లీమీటర్లు! కాని రెండో ఏడు మొక్క ముందు వాడుతుంది; తర్వాత నీరు త్వరగా ఇంకని రేగడిలో వేళ్ళకు గాలి అందక కుళ్ళుతుంది. సగటు మారలేదు, రైతు పంట మాత్రం పోయింది.

భారత వాతావరణ శాఖ 1971–2020 మధ్య కొలతలను బట్టి, జూన్ నుంచి సెప్టెంబరు వరకు దేశం మొత్తానికి సగటు వర్షపాతం 87 సెంటీమీటర్లని లెక్కగట్టింది. ప్రతి ఊళ్ళోనూ అంతే పడుతుందని దీని అర్థం కాదు.

ఇక వాడుక. మన దేశంలో ‘ఆన్ యాన్ యావరేజ్’ అనడం అలవాటు. ఇంగ్లండు, అమెరికాలలో ‘ఆన్ యావరేజ్’ అనే ఎక్కువగా రాస్తారు. దీన్ని వాక్యం మొదట్లోనైనా చివరనైనా ఉంచవచ్చు. ఒకేఒక్క కొలతకు మాత్రం వాడరాదు.

ఇకమీదట ఈ మాట చదివినప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఎన్ని కొలతల సగటు ఇది? వాటిలో అతి తక్కువ ఎంత, అతి ఎక్కువ ఎంత? ఈ రెండూ తెలిస్తేనే సగటు మీకు నిజం చెబుతుంది.