శీతాకాలంలో వెల్లుల్లి సాగు: విత్తన ఎంపికే కీలకం

తాలింపు మొదలు ఆవకాయ వరకు తెలుగు వంటకాలలో విరివిగా వాడే వెల్లుల్లి కొరకు ఉభయ తెలుగు రాష్ట్రాలు అధికభాగం ఇతర రాష్ట్రాలపై ఆధారపడుతున్నాయి. ఉత్పత్తిలో దేశంలో ప్రథమ స్థానంలో ఉన్న మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్, నీమచ్ జిల్లాలు ఈ పంటకు పెట్టింది పేరు. అక్కడ దిగుబడి తగ్గితే ఇక్కడి వినియోగదారులపై భారం పడుతుంది. 2024 ఆరంభంలో పలు నగరాలలో కిలో వెల్లుల్లి చిల్లర ధర 400 రూపాయలు దాటింది. ఈ నేపథ్యంలో రబీలో వెల్లుల్లి వేయదలచిన రైతులు దిగువ అంశాలను గమనించవలసి ఉన్నది.

చలి ఆవశ్యకత

వెల్లుల్లికి తొలిదశలో చల్లని వాతావరణం, గడ్డ ఊరే దశలో క్రమంగా పెరిగే పగటి సమయం, వేడి అవసరం. చలి సోకిన మొక్కలోనే గడ్డ రెబ్బలుగా విడివడుతుంది. తగినంత చలి లభించనిచో రెబ్బలు ఏర్పడక ఒంటి గడ్డగా మిగిలిపోవచ్చును. అందువలన మైదాన ప్రాంతాలలో అక్టోబరు, నవంబరు మాసాలలో నాటడం శ్రేయస్కరం. ఆలస్యమైన కొలది ఆకులు ఎదిగే వ్యవధి తగ్గి, గడ్డ పరిమాణం చిన్నదవుతుంది.

విత్తనం విషయంలో జాగ్రత్త

ఎకరాకు సుమారు 200 కిలోల రెబ్బలు అవసరమైనందున సాగు వ్యయంలో విత్తనానిదే పెద్ద వాటా. మార్కెట్లో లభించే హిమాచల్‌ప్రదేశ్, కాశ్మీర్ ప్రాంతాల పెద్ద రెబ్బలను చూసి కొందరు వాటినే విత్తనంగా వాడుతుంటారు. అగ్రిఫౌండ్ పార్వతి వంటి పర్వత ప్రాంత రకాలకు దీర్ఘమైన పగటి సమయం అవసరం. మన మైదానాలలో వాటిని నాటినచో ఆకు ఏపుగా పెరిగినా గడ్డ సరిగా ఊరదు. పెట్టుబడి వృథా కాగలదు. అగ్రిఫౌండ్ వైట్, యమునా సఫేద్, భీమా పర్పుల్ వంటి మైదాన రకాలనే ఎంచుకొనవలెను.

సాగు విధానం

నీరు నిలువని సారవంతమైన నేలలు అనుకూలం. ఎకరాకు 8 నుండి 10 టన్నుల పశువుల ఎరువు వేసి, గడ్డ వెలుపలి వరుసలోని బలమైన రెబ్బలను మొన పైకి ఉండునట్లు 15 సెంటీమీటర్ల వరుసలలో 10 సెంటీమీటర్ల ఎడంతో నాటాలి. ఎకరాకు 40 కిలోల నత్రజని, 20 కిలోల చొప్పున భాస్వరం, పొటాష్ ఇవ్వాలి. నత్రజనిని మోతాదు మించి గాని, గడ్డ ఊరే దశలో గాని వేసినచో రెబ్బలు చేనులోనే మొలకెత్తే ప్రమాదం ఉన్నది. తామర పురుగులు, ఊదారంగు మచ్చ తెగులు ఆశించకుండా పైరును తరచు పరిశీలించాలి.

కోత, నిల్వ

ఆకులు పసుపు వర్ణానికి మారి వాలుతున్నప్పుడు పంట కోతకు వచ్చినట్లు గుర్తించాలి. కోతకు సుమారు రెండు వారాల ముందు నీటి తడులు నిలిపివేయాలి. పీకిన గడ్డలను ఆకులతో సహా నీడలో ఆరబెట్టి, గాలి ప్రసరించే చోట నిల్వ చేయాలి.

నాటిన తరువాత రకం మార్చుకొనే వీలు లేనందున, అక్టోబరుకు ముందే క్షేత్రస్థాయి ఉద్యాన సిబ్బంది, పత్రికలు విత్తన ఎంపికపై రైతులకు అవగాహన కల్పించడం ఎంతైనా అవసరం.