బొంతకు జాగా, బ్లౌజుకు ఫ్రేము

కలమల్ల నుంచి ప్రొద్దుటూరు వెళ్లి మంచి కుట్టు మిషను కొనాలనుకుంటే, షాపులో ముందు వినబడేది వేగం. నిమిషానికి 800 కుట్లు, 1,000 కుట్లు అంటారు. బొంతలకైనా, కంప్యూటర్ ఎంబ్రాయిడరీ వర్క్‌కైనా ఆ అంకె చూసి డబ్బు పెట్టొద్దు.

5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు బొంతనే తీసుకోండి. రెండంగుళాలకొక వరుస చొప్పున నిలువునా కుడితే దాదాపు 30 వరుసలు. మొత్తం 64 మీటర్ల కుట్టు. ఒక్కో కుట్టు 3 మిల్లీమీటర్లయితే 21 వేల పైచిలుకు కుట్లు. 800 వేగంతో 27 నిమిషాలు, జూకీ టీఎల్-2010క్యూ లాంటి 1,500 కుట్ల మిషను మీద 14 నిమిషాలు. కలిసొచ్చేది 13 నిమిషాలే. బొంత కుట్టినవాళ్లకు తెలుసు, పొద్దు పోయేది ఆ బరువును తిప్పడంలోనే.

మధ్య వరుసకు వచ్చేసరికి సగం బొంత, అంటే 30 అంగుళాల గుడ్డ, చుట్టగా చుట్టి సూదికి కుడిపక్క ఇమడాలి. మామూలు ఇంటి మిషనులో అక్కడుండే జాగా 6, 7 అంగుళాలు. ఆరు పాత చీరల పొరలైతే ఆ చుట్ట మిషను ఒంటికి ఒరుసుకుని ఆగిపోతుంది. కుట్లన్నీ ఒకేచోట ముద్దగా పడతాయి. చేత్తో లాగామా, సూది వంగి టక్కున విరుగుతుంది. పైన చెప్పిన జూకీలో ఆ జాగా ఎనిమిదిన్నర అంగుళాలు. పొరలు జారకుండా వాకింగ్ ఫుట్, 100/16 సూది కూడా ఉండాలి.

ఎంబ్రాయిడరీకి ఫ్రేము ముఖ్యం. 4×4 అంగుళాల ఫ్రేములో బ్లౌజు వీపు డిజైను ఒకేసారి పట్టదు. ఫ్రేము మార్చి బిగించేటప్పుడు వెంట్రుకవాసి జరిగినా నెమలి మెడ ఒకచోట, ఒళ్లు ఒకచోట పడుతుంది. జనోమ్ మెమరీ క్రాఫ్ట్ 450ఈలో 280×200 మిల్లీమీటర్ల దాకా ఒకే బిగింపులో కుట్టొచ్చు. దాని గరిష్ఠ వేగం 860. 30 వేల కుట్ల డిజైను ఆ లెక్కన 35 నిమిషాల్లో అయిపోవాలి. కానీ పెళ్లి బ్లౌజంటే జరీ ఉండాల్సిందే, జరీ దారం అంత వేగానికి తెగిపోతుంది. 400కు తగ్గిస్తే 75 నిమిషాలు. పైగా సూది ఒక్కటే కాబట్టి ఆరు రంగులకు ఐదుసార్లు దారం మార్చాలి.

ఈ జూకీ తిన్నని కుట్టే కుడుతుంది, ఈ జనోమ్ ఎంబ్రాయిడరీ ఒక్కటే చేస్తుంది. రెండూ ఒకదాన్లోనే చేసే మిషన్లూ ఉన్నాయి. కుట్టి అమ్మేవాళ్లకు మాత్రం నేను విడివిడిగా రెండు కొనమనే చెబుతాను. ఒకటి రిపేరుకు పోయినా రెండోదాని మీద పని నడుస్తుంది. మిషను లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు పోతే ప్రొద్దుటూరులోనే బాగుచేస్తారా, బయటికి పంపాలా అని ముందే అడగండి.

షాపుకు వెళ్లేటప్పుడు టేపు, సగం కుట్టిన బొంత తీసుకెళ్లండి. డబ్బు కట్టకముందే మధ్య వరుస ఒకటి అక్కడే కుట్టి చూడండి.